గజ్జల్లో గడ్డ, కడుపులో దాని మూలం: హెర్నియా తిత్తిలో చిక్కిన అపెండిక్స్

(హనుమకొండలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యాధికారులు, హౌస్ సర్జన్లు, స్టాఫ్ నర్సుల ముందు ఒక సర్జన్ చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, తోటి వైద్యులకు, సిస్టర్లకు నమస్కారం.

ఈరోజు నాకు అప్పగించిన అంశం అరుదైనది. హెర్నియా అంటే పొట్ట గోడలో బలహీనమైన చోటు నుంచి తిత్తిలా బయటికి పొడుచుకొచ్చే ఉబ్బు. ఆ తిత్తిలోకి అపెండిక్స్, అంటే పెద్దపేగు మొదట్లో వేలాడే సన్నని గొట్టం, జారిపోవడం, అక్కడే అది వాచి చీముపట్టడం మనలో చాలామంది ఉద్యోగ జీవితం మొత్తంలో ఒకటి రెండు సార్లు మాత్రమే చూసే సంగతి. అంత అరుదైన దాని కోసం ములుగు నుంచి, మహబూబాబాద్ నుంచి, భూపాలపల్లి నుంచి మీరంతా డ్యూటీలు సర్దుకొని రావడం అవసరమా అని ఎవరికైనా అనిపిస్తే అది న్యాయమైన ప్రశ్నే. దానికి నా దగ్గరున్న జవాబు ఒక రోగి కథ. ముందు ఆ కథ చెబుతాను.

నేను సర్జరీలోకి వచ్చిన తొలి సంవత్సరాలవి. నర్సంపేట వైపు నుంచి 60 ఏళ్లు దాటిన ఒక అవ్వను ఆమె కొడుకు తీసుకొచ్చాడు. పత్తి ఏరే కూలి. కుడి కాలి మడమ దగ్గర పత్తికట్టె గుచ్చుకున్న గాయం ఉంది, అది పక్కుకట్టి ఉంది. కుడి గజ్జల్లో నిమ్మకాయంత గడ్డ, పైన చర్మం ఎర్రబడి వేడిగా ఉంది, ముట్టుకోనివ్వడం లేదు. "సారూ, కాలుకు కట్టె గుచ్చింది, గజ్జల బిళ్ళ కట్టింది. నాలుగొద్దులైతాంది, సూదులేసినా తగ్గుతలేదు" అని కొడుకు చెప్పాడు. ఊళ్లో ఆర్‌ఎంపీ మూడు రోజులు ఇంజెక్షన్లు ఇచ్చాడు. జ్వరం లేదు. కడుపు మెత్తగా ఉంది. విరేచనం రోజూ అవుతోంది, గాలి పోతోంది. ఎక్స్‌రేలో పేగు అడ్డుపడిన గుర్తు ఒక్కటీ లేదు. దగ్గమంటే గడ్డలో కదలిక లేదు. కాలికి గాయం, గజ్జల్లో బిళ్ళ అన్న రెండు మాటలు ఒకదానికొకటి ఎంత చక్కగా అతికాయంటే, మూడో మాట అడగాలన్న ఆలోచనే నాకు రాలేదు. లింఫ్ గ్రంథి వాచి చీము పట్టిందని కేసు షీటులో రాసి, చిన్న ఆపరేషన్ గదిలో మత్తు సూది వేసి గడ్డ మీద గాటు పెట్టాను.

చీము వచ్చింది. దానితోపాటు మలం వాసన వచ్చింది. గ్రంథి చీముకు ఆ వాసన ఉండదు. లోపలికి వేలు పెట్టి చూస్తే చిటికెన వేలంత లావున, గొట్టంలాంటి వస్తువొకటి పైకి, ఇంగ్వైనల్ లిగమెంటు (గజ్జల్లో ఏటవాలుగా ఉండే గట్టి నార పట్టీ) కిందుగా కడుపులోకి పోతున్నట్టు తగిలింది. నా చేయి అక్కడే ఆగిపోయింది. గాయంలో కట్టు కట్టే గాజ్ గుడ్డ కుక్కి, పెద్ద సర్జన్ గారిని పిలిపించి, పూర్తి మత్తు ఇచ్చి పెద్ద ఆపరేషన్ గదిలో తెరిచాం. అది ఫెమోరల్ హెర్నియా, అంటే ఆ లిగమెంటు కింద, తొడ మొదట్లో వచ్చేది. తిత్తిలో పేగు లేదు, కొవ్వు పొర లేదు. నల్లబడి చివర చిల్లు పడిన అపెండిక్స్ ఒక్కటే ఉంది. కింది గాటులోంచి దాని మొదలు అందకపోతే పైన మరో గాటు పెట్టి తీయవలసి వచ్చింది. ఆ అవ్వ బతికింది. కానీ నేను తొందరపడి పెట్టిన గాటు వల్ల చీము తొడలోకి పాకి, మూడు వారాలు రోజూ డ్రెస్సింగ్ చేయవలసి వచ్చింది. అది పూర్తిగా నా తప్పు.

మూడో రోజునో నాలుగో రోజునో ఆమె మంచం పక్కన నిలబడి, ముందే అడగవలసిన ప్రశ్న అప్పుడు అడిగాను. "అవ్వా, నొప్పి మొదలు యాడ లేసింది?" ఆమె ఏమాత్రం తడుముకోకుండా చెప్పింది. "బొడ్డు సుట్టూ గుంజింది బిడ్డా. రెండుసార్లు కక్కిన. తెల్లారేవరకు గజ్జల్లకు దిగింది." అంటే రోగ నిర్ధారణ నాలుగు రోజులుగా ఆమె నోటి దగ్గరే ఉంది. ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

ఆ జవాబు ఎందుకంత విలువైనదో శరీర నిర్మాణం తెలిస్తే అర్థమవుతుంది. మన పల్లెల్లో అపెండిసైటిస్‌ను 24 గంటల కడుపునొప్పి అంటారు. ఆ నొప్పి రెండు అంచెల్లో వస్తుందని మనందరం చదువుకున్నదే. అపెండిక్స్ గోడ సాగి ఉబ్బినప్పుడు పుట్టే మొదటి నొప్పి దాని సొంత నరాల ద్వారా వెన్నుపాములో పదో థొరాసిక్ భాగానికి చేరుతుంది గనుక, మెదడు దాన్ని బొడ్డు చుట్టూ ఉన్నట్టు పోల్చుకుంటుంది. తర్వాత వాపు అపెండిక్స్ పైపొర దాటి, దానికి ఆనుకొని ఉన్న పెరిటోనియం పొరను, అంటే పొట్ట గోడకు లోపలి అస్తరును, తాకినప్పుడు రెండో నొప్పి పుడుతుంది. ఇది కచ్చితంగా ఆ తాకిన చోటే తెలుస్తుంది. మామూలుగా ఆ చోటు కుడి పక్క కింది పొట్ట. అపెండిక్స్ హెర్నియాలోకి జారినా దాని నరాలు మారవు, కాబట్టి మొదటి నొప్పి యథాప్రకారం బొడ్డు దగ్గరే వస్తుంది. హెర్నియా తిత్తి అంటే బయటికి పొడుచుకొచ్చిన పెరిటోనియమే గనుక, రెండో నొప్పి తిత్తి ఎక్కడుంటే అక్కడ, అంటే గజ్జల్లోనో తొడ మొదట్లోనో బీజం (వృషణం) సంచిలోనో తెలుస్తుంది. కాలి గాయంతో వాచిన లింఫ్ గ్రంథి ఏనాడూ బొడ్డు దగ్గర నొప్పితో మొదలు కాదు. బొడ్డు దగ్గర మొదలై గజ్జల్లోకి దిగిన నొప్పి గడ్డ రూపంలో కనిపించిందంటే, ఆ గడ్డ మూలం కడుపులో ఉందని అర్థం. అది అపెండిక్స్ కావచ్చు, చిన్నపేగు కావచ్చు. ఏదైనా సరే, చిన్న ఆపరేషన్ గదిలో గాటు పెట్టవలసిన గడ్డ మాత్రం కాదు.

ఇందులో మోసం ఎక్కడుందో కూడా చెప్పాలి. హెర్నియాలో పేగు చిక్కితే పొట్ట ఉబ్బుతుంది, వాంతులు ఆగవు, విరేచనం, గాలి బంద్ అవుతాయి. అపెండిక్స్ చిక్కితే ఇవేవీ ఉండవు, ఎందుకంటే అది ఒక చివర మూసుకుపోయిన గొట్టం. ఆహారం నడిచే దారిలో అది లేదు. "విరేచనం అవుతోంది కదా, ఇక భయం లేదు" అనే ధీమా ఇక్కడ పనికిరాదు. రిక్టర్ హెర్నియాలో కూడా పేగు గోడ ఒక పక్క మాత్రమే చిక్కుతుంది గనుక గాలి పోతూనే ఉంటుంది, లోపల ఆ గోడ చచ్చిపోతూనే ఉంటుంది. అపెండిక్స్ విషయంలో ఇంకో మోసం ఉంది. ఫెమోరల్ హెర్నియా మెడ చాలా ఇరుకు. ముందు ఇంగ్వైనల్ లిగమెంటు, లోపలి పక్క లాక్యునార్ లిగమెంటు, వెనుక ఎముక మీది గట్టి పొర. సాగే వీలున్నది ఫెమోరల్ సిర వైపు మాత్రమే. ఆ ఇరుకు మెడ సీసాకు బిరడా వేసినట్టు తిత్తిని మూసేస్తుంది. లోపల చీము ఎంత పట్టినా కడుపులోకి దిగదు. అందువల్ల పొట్ట నొక్కితే మెత్తగా ఉంటుంది, వదిలినప్పుడు నొప్పి ఉండదు, జ్వరం ఉండకపోవచ్చు, తెల్లకణాలు కూడా మామూలుగానే ఉండవచ్చు. షుగరు ఉన్నవారిలో, వయసు మళ్లినవారిలో ఈ గుర్తులు మరీ మరుగున పడతాయి.

అపెండిసైటిస్ అవునో కాదో అంచనా వేయడానికి, 1986లో వచ్చిన అల్వరాడో స్కోరును మనం రోజూ వాడుతున్నాం. అందులోని 10 మార్కుల్లో 3 మార్కులు కుడి కింది పొట్ట నొక్కితే నొప్పి, చేయి తీస్తే నొప్పి అనే రెండు గుర్తులకే పోతాయి. అపెండిక్స్ తిత్తిలో ఉన్న రోగికి ఆ మూడూ రావు. జ్వరం లేకపోతే మరొకటి పోతుంది. స్కోరు తక్కువ వచ్చిందని తేలిగ్గా తీసుకుంటే తప్పు స్కోరుది అవదు, దాన్ని వర్తించని చోట వర్తింపజేసిన మనదవుతుంది.

ఈ జబ్బుకు ఉన్న చరిత్ర కొంచెం చెప్పనివ్వండి, నాకు ఇష్టమైన భాగమిది. 1731లో పారిస్ సర్జన్ రెనే జాక్ క్రాసాంట్ ద గారాంజో ఫెమోరల్ హెర్నియా తిత్తిలో అపెండిక్స్ ఉండడాన్ని వర్ణించాడు. అందుకే ఆ హెర్నియాకు ఆయన పేరు నిలిచింది. నాలుగేళ్ల తర్వాత, 1735 డిసెంబరు 6న లండన్‌లోని సెయింట్ జార్జ్ ఆసుపత్రిలో, రాజు రెండో జార్జ్‌కు సర్జన్‌గా ఉన్న క్లాడియస్ ఆమియాండ్ 11 ఏళ్ల బాలుడికి ఆపరేషన్ చేశాడు. ఆ పిల్లవాడికి కుడి గజ్జల్లో హెర్నియా, తొడ దగ్గర మలం కారే పుండు ఉన్నాయి. తెరిచి చూస్తే తిత్తిలో అపెండిక్స్ ఉంది, దానిలో ఒక గుండుసూది గుచ్చుకొని ఉంది, సూది చుట్టూ రాయి పేరుకొని ఉంది. పిల్లవాడు ఎప్పుడో మింగిన సూది అపెండిక్స్‌కు చిల్లు పెట్టింది. ఆమియాండ్ దాన్ని కట్టి కోసేశాడు. ఆపరేషన్ దాదాపు అరగంట పట్టింది. ఈథర్ మత్తు రావడానికి అప్పటికి ఇంకా 111 ఏళ్లున్నాయి, ఆ అరగంట ఆ పిల్లవాడు ఎలా భరించాడో ఊహించడం కష్టం. బతికి, బెల్టు కట్టుకొని ఇంటికి వెళ్లాడు. నమోదైన వాటిలో విజయవంతమైన తొలి అపెండిక్స్ ఆపరేషన్ అదే. అపెండిసైటిస్ అన్న పేరును బోస్టన్‌కు చెందిన రెజినాల్డ్ ఫిట్జ్ పెట్టింది 1886లో, అంటే ఆ తర్వాత 151 ఏళ్లకు. కడుపు కోసే ధైర్యం ఎవరికీ లేని కాలంలో అపెండిక్స్ కత్తికి అందిందంటే, అది కడుపు దాటి గజ్జల్లోకి వచ్చింది కాబట్టే అందిందని నా అభిప్రాయం. లిగమెంటుకు పైన, గజ్జల్లో వచ్చే ఇంగ్వైనల్ హెర్నియాలో అపెండిక్స్ ఉంటే, వాచినా వాయకపోయినా, ఇప్పటికీ ఆమియాండ్ హెర్నియా అనే అంటాం.

లెక్కల సంగతి ఒక్క మాటలో ముగిస్తాను. ఇంగ్వైనల్ హెర్నియాల్లో నూటికి ఒకదానిలో అపెండిక్స్ ఉంటుందని పుస్తకాల్లో చాలాకాలంగా రాస్తున్నారు, వాచిన అపెండిక్స్ వెయ్యికి ఒకటి చొప్పున ఉంటుంది. పిల్లల్లో ఇది ఎక్కువ, ఎందుకంటే పుట్టుకతో మూసుకోవలసిన దారి కొందరిలో తెరిచే ఉంటుంది. అపెండిక్స్ పుట్టే సీకం, అంటే పెద్దపేగు మొదటి భాగం, కుడి పక్కన ఉంటుంది గనుక దాదాపు అన్నీ కుడివైపే కనిపిస్తాయి. అవయవాలు ఎడమ కుడులు మారి పుట్టినవారిలో, పేగు తిరగవలసినట్టు తిరగనివారిలో, సీకం అతుక్కోకుండా వదులుగా ఉన్నవారిలో ఎడమ గజ్జల్లో కూడా రావచ్చు.

ఇక మన జిల్లాల్లో గజ్జల గడ్డ ఏయే వేషాల్లో వస్తుందో చూద్దాం. ఒకటి, నేను చెప్పిన అవ్వ లాగా, కాలి గాయం తర్వాత కట్టిన బిళ్ళ. చెప్పులు లేకుండా పొలంలో నడిచే మనుషులకు కాలికి గాయం లేని రోజు అరుదు. కాబట్టి గాయం ఉన్నంత మాత్రాన అది గడ్డకు కారణమని రుజువు కాదు. రెండోది బోదకాలు. ఉత్తర తెలంగాణలో బోదకాలు రోగులను మీరందరూ చూస్తూనే ఉన్నారు. చలి, జ్వరంతో గజ్జల్లో గ్రంథులు వాచే ఆ రోగికి కూడా హెర్నియా ఉండవచ్చు. ఒక జబ్బు ఉన్నవాడికి రెండోది రాదన్న హామీ ఎక్కడా లేదు. మూడోది బీజం వాపు. బీజం వాచి ఎర్రబడితే బీజం మెలిపడిందనో, ఇన్‌ఫెక్షన్ అనో అనుకుంటాం. బీజం మెలిపడిందన్న అనుమానంతో తెరిచినప్పుడు అపెండిక్స్ కనబడితే నష్టమేమీ లేదు, ఎలాగూ తెరవవలసిందే. కానీ ఇన్‌ఫెక్షన్ అనుకొని వారం రోజుల మాత్రలు ఇచ్చి పంపేస్తే నష్టం చాలా పెద్దది. నాలుగోది మాత్రం నేను కాస్త వివరంగా చెప్పాలి.

2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో నూటికి 60కి పైగా సిజేరియన్లే. అప్పటికి దేశంలో మరే రాష్ట్రంలోనూ ఇంత లేదు. దీనికి తోడు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, చిన్న వయసులోనే చేసే గర్భసంచి ఆపరేషన్లు. ఇన్ని గాట్లు పడిన పొట్టలు మన ఓపీ బయట వరుసలో కూర్చొని ఉన్నాయి. పాత గాటు బలహీనపడి అక్కడ వచ్చే ఇన్సిషనల్ హెర్నియా చాలాసార్లు పొట్ట కింది భాగంలోనే వస్తుంది, సీకం, అపెండిక్స్ ఉన్నది కూడా ఆ చుట్టుపక్కలే. పాత గాటు హెర్నియాలో అపెండిక్స్ వాచిన రోగులు ప్రపంచంలో పలుచోట్ల నమోదయ్యారు. బొడ్డు హెర్నియాలో, పొట్ట కండర అంచున వచ్చే స్పైజీలియన్ హెర్నియాలో కూడా నమోదయ్యారు. వాళ్ల కథ ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటుంది. ఏళ్లుగా ఉన్న ఉబ్బు, పడుకుంటే లోపలికి పోయేది, నిన్నటి నుంచి పోవడం లేదు, పైన చర్మం ఎర్రబడింది. కుట్ల దగ్గర చీముపట్టిందని అనుకునేందుకు అన్ని అవకాశాలూ అక్కడ ఉంటాయి. సిజేరియన్ అయి ఆరేళ్లు గడిచిన గాటులో ఉన్నట్టుండి చీము ఎందుకు పడుతుంది అన్న ప్రశ్న మనం వేసుకోవాలి.

పరీక్ష చేసేటప్పుడు రోగిని నిలబెట్టి కూడా చూడండి. పరదా లేని గదిలో, పదిమంది మధ్యలో ఏ ఆడమనిషీ గజ్జలు చూపించదు. చీర మీదినుంచే నొక్కి చూసి రాసిన రిపోర్టులు నేను చాలా చూశాను. దయచేసి ఒక సిస్టర్‌ను పక్కన నిలబెట్టుకొని, తలుపు మూసి, సరిగ్గా చూడండి. ప్యూబిక్ ఎముక మీద గట్టిగా తగిలే గుబ్బను వేలితో గుర్తించి, గడ్డ మెడ దానికి పైన, లోపలి పక్కన ఉంటే ఇంగ్వైనల్ అని, కింద, బయటి పక్కన ఉంటే ఫెమోరల్ అని తెలుసుకోవచ్చు. ఫెమోరల్ హెర్నియా మగవారిలో కన్నా ఆడవారిలో ఎక్కువ, పైగా పెద్ద వయసులో ఎక్కువ. ఒళ్లున్న మనిషిలో అది తొడ ముడతలో దాగి కనిపించనే కనిపించదు.

అల్ట్రాసౌండ్ మన చేతిలో ఉన్న మంచి సాధనం. తిత్తిలో ఒక చివర మూసుకుపోయిన గొట్టం, నొక్కితే అణగకుండా, 6 మిల్లీమీటర్లకు మించిన మందంతో కనబడితే అది వాచిన అపెండిక్స్ అనుకోవాలి. పేగు అయితే కదలిక ఉంటుంది, అపెండిక్స్‌కు అలాంటి కదలిక కనిపించదు. రేడియాలజిస్టుకు రాసే చీటీలో "గజ్జల్లో వాపు" అని మాత్రమే రాస్తే ఆయన గజ్జల మీద ప్రోబ్ పెట్టి, గ్రంథి ఉందో చీము ఉందో చెప్పి ఊరుకుంటాడు. "తిత్తిలో అపెండిక్స్ ఉందా, గొట్టం సీకం దాకా పోతోందా చూడగలరు" అని రాస్తే ప్రోబ్ పైకి కదులుతుంది. సీటీ స్కాన్ అందుబాటులో ఉంటే సందేహం చాలావరకు తీరుతుంది, అపెండిక్స్ మొదలు సీకం దగ్గర, కొన తిత్తిలో కనబడుతుంది. అయినా ఇలాంటి రోగుల్లో చాలామందిలో అసలు సంగతి ఆపరేషన్ బల్ల మీదే తెలుస్తుంది, అందులో సిగ్గుపడవలసింది లేదు.

ఆపరేషన్ గురించి ఇక్కడున్న యువ సర్జన్ల కోసం నాలుగు మాటలు. తిత్తి తెరిచాక కనిపించిన దాన్నిబట్టి లోసనాఫ్, బాసన్ అనే ఇద్దరు సర్జన్లు ఆమియాండ్ హెర్నియాను నాలుగు రకాలుగా విభజించారు, ఆ విభజన మనకు పనికొస్తుంది. అపెండిక్స్ మామూలుగా ఉంటే దాన్ని లోపలికి పంపి హెర్నియాను జాలీతో (మెష్‌తో) బాగుచేయవచ్చు. తిత్తిలోనే వాచి ఉంటే ఆ గాటులోంచే అపెండిక్స్ తీసి, జాలీ పెట్టకుండా సొంత కండరాలతోనే కుట్టాలి. చీము కడుపులోకి పాకితే కడుపు తెరవాలి. కడుపులో వేరే జబ్బు కూడా ఉంటే దాని సంగతి ముందు చూసి తర్వాత హెర్నియా.

వీటిలో రెండు చోట్ల వాదన ఉంది. మామూలుగా ఉన్న అపెండిక్స్‌ను తీయాలా వద్దా అన్నది మొదటిది. పిల్లల్లో, యువకుల్లో ముందు ముందు అది వాచే అవకాశం ఎక్కువ కాబట్టి తీసేయమని కొందరంటారు. నేను తీయను. అపెండిక్స్‌ను కోయడమంటే పేగు తెరవడమే, శుభ్రంగా ఉన్న ఆపరేషన్‌ను అశుభ్రం చేసుకోవడమే, ఆ తర్వాత జాలీ పెట్టాలంటే చేయి వణకాలి. ఎడమవైపు హెర్నియాలో దొరికితే మాత్రం, తర్వాత ఏ డాక్టరునూ తికమక పెట్టకుండా తీసేయడం సమంజసమే. జాలీ రెండో వాదన. చిల్లు పడకుండా కొద్దిగా ఎర్రబడిన అపెండిక్స్ తీశాక జాలీ పెట్టి, ఇన్‌ఫెక్షన్ రాలేదని రాసినవారు ఉన్నారు. వాళ్ల మాటను నేను కాదనను. కానీ మన రోగి 60 కిలోమీటర్ల దూరం నుంచి వస్తాడు, జాలీకి చీము పడితే నెలల తరబడి తిరగాలి, తిరిగిన ప్రతిసారీ ఒక రోజు కూలి పోతుంది. హెర్నియా మళ్లీ వస్తే మళ్లీ ఆపరేషన్ చేయవచ్చు. చీముపట్టిన జాలీ తీయడం దానికన్నా చాలా కష్టం. అందుకే నేను సొంత కండరాలతోనే కుట్టే బాసినీ పద్ధతిలో కుట్టి, మళ్లీ వచ్చే అవకాశం ఉందని రోగికి ముందే చెబుతాను. పసిపిల్లలకు ఈ సమస్యే లేదు, తిత్తిని కట్టేస్తే చాలు.

ఫెమోరల్ హెర్నియాలో ఒక జాగ్రత్త. కింది గాటులోంచి అపెండిక్స్‌ను లాగి మొదలు పైకి తెద్దామని ప్రయత్నించకండి. వాచిన కణజాలం నానిన నూలు లాంటిది, పట్టుకుంటే తెగుతుంది. తెగితే మొదలు కడుపులోకి జారిపోతుంది, పొడుగ్గా మిగిలిపోయిన ముక్క తర్వాత మళ్లీ వాస్తుంది. అందకపోతే పైన గాటు పెట్టండి, లేదా లాపరోస్కోప్‌తో లోపలినుంచి తీయండి.

ఇక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కూర్చునే మీ దగ్గరికి వస్తున్నాను, ఎందుకంటే ఈ రోగిని మొదట చూసేది నేను కాదు, మీరు. నొప్పిగా ఉండి, ఎర్రబడి, లోపలికి పోని గడ్డను చేత్తో బలవంతంగా నెట్టకండి. నెడితే చీముపట్టిన అపెండిక్స్ కడుపులో పగలవచ్చు, లేదా తిత్తి మొత్తం మెడతో సహా లోపలికి పోయి, గడ్డ మాయమైందన్న సంతోషం మిగిల్చి లోపల చిక్కు అలాగే ఉండిపోవచ్చు. కాపడం పెట్టనివ్వకండి. సూది గుచ్చి చీము చూద్దామని అనుకోకండి. నోటితో ఏమీ ఇవ్వకుండా, సెలైన్ పెట్టి, మొదటి డోసు యాంటీబయాటిక్ ఇచ్చి, నొప్పి తగ్గించే మందు కూడా ఇచ్చి 108లో పంపండి. నొప్పి మందు ఇస్తే రోగ నిర్ధారణ చెడుతుందన్న పాత భయం వదిలేయండి. రోగిని గిలగిలలాడుతూ 60 కిలోమీటర్లు పంపడం వల్ల ఏ సర్జన్‌కూ మేలు జరగదు.

పంపే చీటీలో ఏం రాయాలో ఒక ఉదాహరణతో చెబుతాను. కిందటి మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్లో బస్తాలు మోసే ఒక హమాలీని మా దగ్గరికి పంపారు. 45 ఏళ్ల మనిషి. కుడివైపు హెర్నియా ఎనిమిదేళ్లుగా ఉంది. సీజన్‌లో ఆపరేషన్ చేయించుకుంటే సంపాదన పోతుందని, సీజన్ కాని రోజుల్లో చేతిలో డబ్బు ఉండదని వాయిదా వేస్తూ, గోచీ బిగించి కట్టుకొని మోస్తూ వచ్చాడు. మార్చి ఎండలో మిర్చి ఘాటుకు ఎడతెరిపి లేకుండా దగ్గుతూ బస్తాలెత్తే పని అది. ప్రతి దగ్గుకూ హెర్నియా మీద ఎంత ఒత్తిడి పడుతుందో మీరే ఆలోచించండి. ఊరికి వెళ్లినప్పుడు నొప్పి వచ్చి అక్కడి ఆరోగ్య కేంద్రానికి వెళ్తే, ఉద్యోగంలో చేరి ఏడాది కూడా నిండని ఒక అమ్మాయి డాక్టర్ చూసింది. ఆమె రాసిన చీటీలో నాలుగు వాక్యాలున్నాయి. నొప్పి నిన్న సాయంత్రం బొడ్డు చుట్టూ మొదలై ఆరు గంటల తర్వాత కుడి గజ్జల్లోకి దిగింది. అప్పటినుంచి గడ్డ లోపలికి పోవడం లేదు, నేను నెట్టలేదు. విరేచనం అయింది, పొట్ట ఉబ్బలేదు. తిత్తిలో అపెండిక్స్ ఉండవచ్చు, స్కాన్ చేసి చూడగలరు.

రాత్రి పదిన్నరకు వచ్చిన మనిషికి పదకొండున్నరకల్లా స్కాన్ అయింది, ఒంటి గంటకు బల్ల మీద ఉన్నాడు. తిత్తిలో అపెండిక్స్ వాచి ఉంది, చిల్లు పడలేదు. అదే గాటులోంచి తీశాం, జాలీ పెట్టకుండా కుట్టాం, ఐదో రోజు ఇంటికి వెళ్లాడు. మూడు నెలలు బరువులు ఎత్తవద్దని చెప్పాం, మేస్త్రీ ఆయనకు కాంటా దగ్గర లెక్క రాసే పని ఇప్పించాడట. ఆ చీటీ నా దగ్గర ఉంది, పేరు కనబడకుండా మడిచి తెచ్చాను. హౌస్ సర్జన్లు ముందుకొచ్చి చూడవచ్చు.